చుక్కలు వద్దన్న డ్రైవరు

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద, మెడికల్ షాపు పైన, రెండు గదుల కంటి క్లినిక్ ఒకటి ఉందనుకుందాం. పొద్దున పది గంటలకి ఒక క్యాబ్ డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. రాత్రంతా ఎయిర్‌పోర్టుకీ గచ్చిబౌలికీ మధ్య తిరిగిన మనిషి. వయసు నలభై అయిదు. షుగరొచ్చి ఎనిమిదేళ్లయింది. వచ్చింది మాత్రం దగ్గరి అక్షరాలు మసకబారుతున్నాయని, కళ్లద్దాల కోసం. డాక్టరు అద్దాల నంబరు రాసి, షుగరు మాట విని, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి కంటి వెనక భాగం చూడాలన్నాడు. డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సార్. చుక్కలేస్తే ఇయ్యాల బండి నడపరాదు గదా. మల్లొస్త."

మళ్లీ రాడు. ఆ సంగతి డాక్టరుకీ తెలుసు, డ్రైవరుకీ తెలుసు.

కంటి క్లినిక్‌కి ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకి కంపెనీల రంగుల పుస్తకాల్లో జవాబు వెతుకుతారు చాలామంది. నా లెక్కలో ఆ జవాబు ఈ మెట్ల దగ్గరే ఉంది. ఎవరు ఎక్కి వస్తున్నారు, ఏ మాట చెప్పి దిగిపోతున్నారు అన్నది రెండు నెలలపాటు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, కొనాల్సిన యంత్రం పేరు దానంతటదే బయటపడుతుంది.

శంషాబాద్‌లో ఆ మెట్లెక్కేవాళ్లు ఎవరో ఊహించడం కష్టం కాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాక ఊరి స్వరూపమే మారిపోయింది. రాత్రీ పగలూ తేడా లేని ఉద్యోగాలొచ్చాయి. డ్రైవర్లు, లోడర్లు, సెక్యూరిటీ వాళ్లు, హోటళ్ల కుర్రాళ్లు వచ్చిపడ్డారు. ఇటు గగన్‌పహాడ్, అటు కొత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో గ్రైండింగు, వెల్డింగు చేసేవాళ్లున్నారు. నర్కూడ, ముచ్చింతల్, పాల్మాకుల వంటి ఊళ్లలో పాతకాలం రైతులు, వాళ్ల కళ్లలో ముదిరిన మోతిబిందులు ఉన్నాయి. ఒకే కుర్చీలో గంట వ్యవధిలో ఈ ముగ్గురూ కూర్చుంటారు. ముగ్గురి కళ్లూ అడిగే ప్రశ్నలు వేరు, జవాబిచ్చే యంత్రాలూ వేరు.

గ్రైండింగు కుర్రాడిది అన్నిటికన్నా తేలిక. నల్లగుడ్డు మీద ఇనపరజను గుచ్చుకుని వస్తాడు. స్లిట్ లాంప్ ముందు గడ్డం ఆనిస్తే, సన్నని కత్తి అంచులాంటి వెలుగులో రజనెక్కడుందో, ఎంత లోతు దిగిందో కనిపిస్తుంది. ఫ్లోరెసీన్ కాగితపు చివర తడిపి తాకించి నీలి వెలుగు వేస్తే గీత పడినచోటు పచ్చగా మెరుస్తుంది. ఫొటో కావాలంటే ఐపీసుకి ఫోను తగిలించే బిగింపు చాలు. దీనికోసం వేరే కెమెరా కొనక్కర్లేదు. కానీ స్లిట్ లాంప్ మాత్రం మంచిది కొనాలి. అన్ని యంత్రాలకీ అమ్మమ్మ అది. దాని ముందు ఒక 90 డయాప్టర్ల చిన్న భూతద్దం పట్టుకుంటే రెటీనా కూడా కనిపిస్తుంది. రెటీనా పొరల్ని విడదీసి చూపే ఓసీటీ యంత్రానికి లక్షలు పోసి, చవక స్లిట్ లాంపుతో సరిపెట్టుకున్న క్లినిక్, పట్టుచీర కట్టి చెప్పుల్లేకుండా పెళ్లికి వెళ్లినట్టే.

ఇక డ్రైవరు సంగతి. కంటి వెనక భాగాన్ని చూడటం మనుషులకి చాలాకాలం సాధ్యం కాలేదు. కారణం చిన్నదే. కంటిపాప ఒక తాళంచెవి కన్నం లాంటిది. లోపలికి వెళ్లిన వెలుగు వచ్చిన దారినే బయటికొస్తుంది. ఆ దారిలో తలపెట్టి చూద్దామంటే మన తలే వెలుగుకి అడ్డం. అందుకే పాప నల్లగా కనిపిస్తుంది. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఈ చిక్కు విప్పాడు. గాజు పలకల్ని ఏటవాలుగా పెట్టి, వెలుగును పక్కనుంచి కంట్లోకి మళ్లించి, తాను ఆ గాజుల్లోంచే నేరుగా చూశాడు. బతికున్న మనిషి రెటీనా అలా తొలిసారి స్పష్టంగా కంటపడింది. శరీరంలో కోత పెట్టకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే అరుదైన చోటు అది. షుగరు రక్తనాళాల్ని ఏం చేస్తోందో తెలియాలంటే అంతకన్నా మంచి కిటికీ లేదు.

ఫొటో తీయడానికి ఇంకో ముప్పై అయిదేళ్లు పట్టింది. 1886లో ఇంగ్లండ్‌లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు కెమెరాను రోగి తలకి బిగించి, రెండున్నర నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి తీశారు. ఆ రోగి ఓపికకి ఎవరూ బహుమతి ఇవ్వలేదు.

కంటి వెనక భాగాన్ని ఫొటో తీసే ఇప్పటి ఫండస్ కెమెరా రెప్పపాటులో పని ముగిస్తుంది. అందులో చుక్కలు అక్కర్లేని రకం ఒకటుంది. నాన్ మిడ్రియాటిక్ అంటారు. దాని కిటుకు చూడండి. కన్ను ఎక్కడుందో వెతకడానికీ, ఫోకస్ చేయడానికీ ఆ కెమెరా పరారుణ కాంతిని వాడుతుంది. ఆ కాంతి కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి పాప ముడుచుకోదు. అంతా సరిపోయాక తెల్లని ఫ్లాష్ ఒక్కసారి మెరుస్తుంది. పాప ఆ వెలుగును పసిగట్టి ముడుచుకోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. అప్పటికే ఫొటో దిగిపోయి ఉంటుంది. నిద్రపోతున్న దొర మంచం కింద నుంచి నగ లాగినట్టు.

కానీ ఒక కంట్లో వెలుగు పడితే రెండో పాప కూడా ముడుచుకుంటుంది. కాబట్టి రెండో కంటి ఫొటోకి నాలుగైదు నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టాలి. ఇక్కడ కెమెరా కన్నా ముఖ్యమైనది ఒకటుంది, నల్లటి కర్టెను. మందపాటి కర్టెను లేని గదిలో ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఫొటో సగం నల్లగా వస్తుంది. యంత్రానికి అన్ని లక్షలు పెట్టి, కిటికీకి రెండు మీటర్ల గుడ్డ కొనడానికి వెనకాడకూడదు.

ఇంకో చిక్కు. ఈ కెమెరాలకి పాప సుమారు నాలుగు మిల్లీమీటర్లైనా తెరుచుకుని ఉండాలి. వయసు పెరిగే కొద్దీ పాప చిన్నదవుతుంది. ఏళ్లతరబడి షుగరున్నవాళ్లలో మరీ చిన్నదవుతుంది. దానికి తోడు మోతిబిందు మొదలై ఉంటే ఫొటో పొగమంచులో తీసినట్టుంటుంది. అంటే ఎవరి ఫొటో అన్నిటికన్నా అవసరమో వాళ్ల ఫొటోనే సరిగా రాదు. అందుకే డెమో ఇవ్వడానికి వచ్చిన కంపెనీ కుర్రాడు, "డాక్టర్ గారూ, నా కన్నే తీసి చూపిస్తాను" అంటే ఒప్పుకోవద్దు. పాతికేళ్ల కంట్లో ఏ కెమెరా అయినా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బయట బల్ల మీద కూర్చున్న అరవై ఏళ్ల షుగరు పెద్దాయన్ని, ఆయన ఒప్పుకుంటేనే, కూర్చోబెట్టమనండి. పదిమందిలో ఎందరి ఫొటోలు చదవడానికి పనికొచ్చాయో లెక్కపెట్టండి. మెగాపిక్సెళ్ల సంఖ్య మీద చర్చ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

ఒక్కోసారి వరసగా వచ్చిన ముగ్గురి ఫొటోల్లోనూ ఒకే చోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. ముగ్గురికీ అదే చోట అదే జబ్బు రాదు. లెన్సు మీద దుమ్ము. హైవే పక్క క్లినిక్‌లో ఇది రోజువారీ సంగతి. లెన్సు తుడవడం ఎలాగో కెమెరా నడిపే అమ్మాయికి నేర్పించే బాధ్యత కంపెనీదేనని ఆర్డరు కాగితంలోనే రాయించుకోవాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్లు. వీళ్లందరికీ ఏడాదికోసారి రెటీనా చూడాలి. అంత పని చేయడానికి రెటీనా డాక్టర్లు ఎక్కడున్నారు? అందుకే ఫొటో ఒకచోట, చదవడం మరోచోట అన్న పద్ధతి వచ్చింది. ఈమధ్య చదివే పని కృత్రిమ మేధకి కూడా అప్పగిస్తున్నారు. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన పేరున్న అధ్యయనంలో అమెరికా ఫొటోలతో పాటు మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ వంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా వాడారు. మంచిదే. కానీ పొగమంచు ఫొటోని ఏ మేధా చదవలేదు. మళ్లీ కర్టెను దగ్గరికే రావాలి.

మూడో మనిషి నర్కూడ నుంచి వచ్చిన పెద్దాయన. కంట్లో మోతిబిందు ముత్యంలా తెల్లగా మెరుస్తోంది. ఇక్కడ ఫండస్ కెమెరా పనికిరాదు. ఓసీటీ కూడా పనికిరాదు. వెలుగే లోపలికి పోనప్పుడు వెలుగుతో చూసే యంత్రాలన్నీ గుడ్డివే. ఇక్కడ శబ్దం కావాలి.

ఆపరేషన్‌లో పెట్టే లెన్సు ఎంత పవరుదో తేల్చాలంటే కంటి పొడవు తెలియాలి. సగటున 23.5 మిల్లీమీటర్లు. ఏ-స్కాన్ సూది మొనలాంటి శబ్దాన్ని లోపలికి పంపి, వెనక గోడకి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వింటుంది. కంట్లో శబ్దం వేగం సెకనుకి సుమారు 1,550 మీటర్లు. సెకనును లక్ష ముక్కలు చేస్తే మూడు ముక్కల్లో పోయి వస్తుంది. ఆ మాత్రం కాలాన్ని ఎలక్ట్రానిక్ గడియారం హాయిగా కొలుస్తుంది. కానీ కొలిచే చేతిలో ఒక ప్రమాదం ఉంది. ప్రోబును నల్లగుడ్డుకి ఆనించేటప్పుడు పిసరంత ఎక్కువ నొక్కితే కన్ను లోపలికి నొక్కుకుపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే లెన్సు పవరులో సుమారు పావు డయాప్టరు తేడా. ఒక మిల్లీమీటరు పొరపాటైతే రెండున్నర డయాప్టర్లు దాటుతుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా పెద్దాయన దూరంలో వచ్చే బస్సు బోర్డు చదవలేడు. తప్పు సర్జను చేతిదని ఊరంతా అనుకుంటారు. నిజానికి అది ప్రోబు నొక్కిన చేతిది. కంటికి తగలకుండా వెలుగుతోనే పొడవు కొలిచే ఆప్టికల్ బయోమీటర్లు 1999 నుంచి మార్కెట్లో ఉన్నాయి. చాలా కచ్చితమైనవి. కానీ ముదిరిన తెల్ల మోతిబిందు దగ్గర అవీ చేతులెత్తేస్తాయి. కాబట్టి పల్లెలకి దగ్గరగా ఉన్న క్లినిక్ ఆప్టికల్ బయోమీటరు కొన్నా సరే, ఏ-స్కాన్‌ని అటకెక్కించకూడదు.

దానికి తోడు బీ-స్కాన్ ఉండాలి. తెల్లని తెర వెనక రెటీనా అతుక్కునే ఉందా, ఊడిపోయిందా అన్నది అది చెబుతుంది. ఊడిపోయిన కంట్లో లెన్సు మార్చడమంటే, వెనక గోడ కూలిన ఇంటికి ముందు తలుపు బాగు చేయించడమే. ఏ, బీ రెండూ కలిపిన యంత్రాలు దొరుకుతాయి. చిన్న క్లినిక్‌కి అంతకన్నా నమ్మకమైన పెట్టుబడి నాకు కనిపించదు. ఇంత చెప్పినా ఎగ్జిబిషన్లలో దాని స్టాలు దగ్గర జనం ఉండరు. జనమంతా ఓసీటీ దగ్గరే.

ఓసీటీ నిజంగా అద్భుతమే. బీ-స్కాన్ సాధారణంగా 10 మెగాహెర్ట్జ్ శబ్దంతో పనిచేస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు మిల్లీమీటరులో ఆరో వంతు ఉంటుంది, అంతకన్నా సన్నని వివరం దానికి అందదు. ఓసీటీ అయిదు మైక్రాన్ల వివరం చూపిస్తుంది. అంటే దాదాపు ముప్పై రెట్లు సన్నగా. రెటీనా మొత్తం మందమే పావు మిల్లీమీటరు. ఆ పావు మిల్లీమీటరులో పొర పొరనీ విడదీసి, ఉల్లిపాయ కోసినట్టు చూపిస్తుంది.

దీని వెనకున్న ఆలోచన ఏ-స్కాన్‌లాంటిదే. శబ్దం బదులు వెలుగు. కానీ వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది. అయిదు మైక్రాన్లు లోపలికి పోయి తిరిగి రావడానికి పట్టే కాలం, సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో మూడు నాలుగు ముక్కలు. అంత చిన్న కాలాన్ని ఏ ఎలక్ట్రానిక్ గడియారమూ కొలవలేదు. అందుకని కాలాన్ని కొలవడం మానేసి, వెలుగును వెలుగుతోనే కొలిచారు. ఒకే కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకటి కంట్లోకి, ఒకటి అద్దం మీదికి పంపుతారు. తిరిగొచ్చిన రెండూ కలిసినప్పుడు, ప్రయాణించిన దూరాలు సరిపోతే తరంగాలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి, లేకపోతే చెదిరిపోతాయి. ఆ కలయికను చదివితే లోతు తెలుస్తుంది. 1991లో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్, వాళ్ల సహచరులు ఈ పద్ధతిని 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఈ ముగ్గురికీ 2023లో లాస్కర్ పురస్కారం వచ్చింది. 2002 నాటి యంత్రం సెకనుకి 400 లోతు గీతలు చదివేది. ఇప్పటివి వేలు, లక్షలు చదువుతున్నాయి.

అద్భుతమే, కానీ శంషాబాద్ మెడికల్ షాపు మీది గదిలో అది ఏం చేస్తుంది? ఒక లెక్క వేసుకుందాం. యంత్రం 24 లక్షలనుకుందాం. అయిదేళ్లకి అప్పు తీరాలంటే అసలే నెలకి 40 వేలు. వడ్డీ, మెయింటెనెన్స్ కాంట్రాక్టు కలిపి ఇంకో 25 వేలనుకుందాం. ఒక్కో స్కాన్‌కి 650 రూపాయలు మిగిలితే నెలకి వంద స్కాన్లు తీయాలి, అంటే రోజుకి నాలుగు. మొదటి నెల ఇద్దరు నిజంగా అవసరమైనవాళ్లు దొరుకుతారు. తక్కిన ఇద్దరినీ ఎక్కడినుంచి తేవాలి? అక్కడ మొదలవుతుంది జారుడు. అప్పటిదాకా రోగికి ఏం కావాలని అడిగిన డాక్టరు, యంత్రానికి ఎవరు కావాలని వెతకడం మొదలుపెడతాడు. మంచి డాక్టర్లు కూడా ఇందులో పడతారు. దీన్ని నీతి విషయం అనడం కన్నా కిస్తీ విషయం అనడం సబబు.

ఇంకొక మాట. ఓసీటీలో రెటీనా నీరు పట్టిందని తేలితే తర్వాతి మెట్టు కంట్లోకి ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు లేని క్లినిక్‌ రోగిని పెద్దాసుపత్రికి పంపాల్సిందే, అక్కడ మళ్లీ స్కాన్ తీస్తారు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ దాటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్ల వంతెన దిగేది మెహదీపట్నంలో. సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అక్కడే. ఇంకొంచెం ముందుకెళ్తే బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి. ఇంత దగ్గరలో ఓసీటీలు ఉండగా మనం ఇంకొకటి కొనడం కన్నా, అక్కడికి ఎవర్ని పంపాలో తేల్చే ఫండస్ కెమెరా కొనడం మేలు. ఆదిలాబాద్ అడవి అంచున క్లినిక్ అయితే నా మాట వేరేలా ఉండేది.

ఈ 'ఎవర్ని పంపాలి' అన్న ప్రశ్న మీద మన దగ్గరే పెద్ద పని జరిగింది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి స్థలమూ విరాళమూ ఇచ్చింది సినిమా మనిషి ఎల్వీ ప్రసాద్. 'మిస్సమ్మ' తీసిన ఆయన. జీవితమంతా కెమెరాతో గడిపిన వ్యక్తి పేరు కంటి ఆసుపత్రికి రావడం నాకెప్పుడూ తమాషాగా అనిపిస్తుంది. ఆ సంస్థ తన సేవల్ని పిరమిడ్‌లా పేర్చింది. అడుగున సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటరు, దానిపైన అయిదు లక్షలకి ఒక సెకండరీ కేంద్రం, శిఖరాన పెద్దాసుపత్రులు. మొదటి గ్రామీణ కేంద్రం 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో మొదలైంది. విజన్ సెంటరులో ఉండేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు. ఆ పల్లె సేవలకి సంబంధించిన శిక్షణ కేంద్రం కిస్మత్‌పూర్‌లో ఉంది. మన శంషాబాద్ పక్కనే. ఆ పిరమిడ్‌లో ఏ అంతస్తుకి ఏ యంత్రమో ముందే తేల్చిపెట్టారు. అడుగు అంతస్తులో శిఖరపు యంత్రం పెట్టరు. ప్రైవేటు క్లినిక్ కొనేవాళ్లు నేర్చుకోవలసింది ఆ క్రమశిక్షణే.

నీటికాసుల (గ్లకోమా) దగ్గర మాత్రం నా వాదన కాస్త తడబడుతుందని ఒప్పుకుంటాను. 1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో, హైదరాబాద్‌లో ప్రధాన రకం నీటికాసులు ఉన్నట్టు తేలినవాళ్లలో 90 శాతం పైచిలుకు మందికి తమకి జబ్బున్న సంగతే తెలియదు. ఓసీటీ నరపు పొర పలచబడటాన్ని అంకెల్లో చూపిస్తుంది, నిజమే. అయితే మైనస్ నంబరు ఎక్కువున్న ఆరోగ్యమైన కన్నుని కూడా ఎర్రరంగులో చూపించి బెదరగొడుతుంది. వైద్యులు దీనికి 'రెడ్ డిసీజ్' అని పేరు కూడా పెట్టారు. జబ్బు కంట్లో లేదు, ప్రింటవుట్‌లో ఉంది. నీటికాసులకి ముందు కావాల్సింది ఒత్తిడి కొలిచే టోనోమీటరు, చూపు పరిధి కొలిచే పెరిమీటరు, నరాన్ని ఓపికగా చూసే కన్ను. వీటిలో ఏదీ అందమైన బొమ్మ ఇవ్వదు. అందుకే వాటికి గిరాకీ తక్కువ.

కొనేముందు అడగాల్సిన చిన్న ప్రశ్నలు కొన్నుంటాయి. రిపేరు చేసే ఇంజనీరు హైదరాబాద్‌లో ఉంటాడా, చెన్నై నుంచి రావాలా? రిపేరు జరిగే వారం రోజులు వేరే యంత్రం ఇస్తారా? కరెంటు ఎక్కువ తక్కువలు తట్టుకునే యూపీఎస్ ధరలో కలిసిందా? ఫొటోలు మామూలు కంప్యూటరులోకి, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే డైకామ్ పద్ధతిలో, డబ్బు కట్టకుండా తీసుకోవచ్చా? ఈ చివరి ప్రశ్నకి చాలామంది అమ్మకందార్లు కాఫీ తాగుతూ మాట మారుస్తారు. అయిదేళ్ల ఫొటోలు ఒక కంపెనీ సాఫ్ట్‌వేరులో ఇరుక్కుపోతే, ఆ తర్వాత కొనే ప్రతి యంత్రమూ ఆ కంపెనీదే కావాలి.

కాబట్టి మన రెండు గదుల క్లినిక్‌కి నా వరస ఇది. మంచి స్లిట్ లాంపు, చేతిలో 90 డయాప్టర్ల లెన్సు. తర్వాత ఏ-బీ స్కాన్. ఆ తర్వాత చుక్కలు అక్కర్లేని ఫండస్ కెమెరా, కర్టెనుతో సహా. ఓసీటీ ఇప్పుడు కాదు. ఇంజెక్షన్ ఇచ్చే రెటీనా డాక్టరు వారానికి రెండు రోజులైనా కూర్చునే రోజున మళ్లీ మాట్లాడుకుందాం.

కర్టెను వేసి, కెమెరా ముందు గడ్డం పెట్టిస్తే ఆ డ్రైవరు పావుగంటలో ఫొటోలు తీయించుకుని ఎయిర్‌పోర్టు క్యూలోకి వెళ్లిపోతాడు. అయితే ఒక ఫొటో సరిగా రాకపోవచ్చు, లేదా వచ్చిన ఫొటోలో ఎర్రటి చుక్కలు కనిపించవచ్చు. అప్పుడు మాత్రం కంట్లో చుక్కల మందు తప్పదు. మీకూ షుగరుంటే, ఏడాదిగా కంటి వెనక ఎవరూ చూడకపోతే, ఈసారి వెళ్లేటప్పుడు బండి ఇంట్లో వదిలి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. జేబులో నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. చుక్కల మసక సాయంత్రానికి చాలావరకు తగ్గుతుంది.